మూర్తి బాబాయి నడక

జాక్సన్ పొద్దస్తమానం చేసే పని తూకం. పోర్టు వెనక బొగ్గు నిలవ చేసే ఒక ప్రైవేటు యార్డులో, లారీల కాటా దగ్గర కంప్యూటర్ ఆపరేటరు. ఖాళీ లారీ వచ్చి కాటా ఎక్కుతుంది, మీట నొక్కుతాడు. అదే లారీ బొగ్గు నింపుకుని తిరిగొస్తుంది, మళ్లీ నొక్కుతాడు. ప్రింటరు కక్కిన చీటీని కిటికీలోంచి డ్రైవరు చేతిలో పెడతాడు. డిప్లొమా చదివినవాడు చెయ్యాల్సిన పనేనా ఇది అని మామగారు పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నారు. కంచరపాలెంలో అద్దె ఇంట్లో కాపురం పెట్టినవాడికి అలాంటి ప్రశ్నలకి జవాబు వెతికే తీరిక ఉండదు గనక, జాక్సన్ నవ్వి ఊరుకున్నాడు.

అలాంటివాడికి బొమ్మల పిచ్చి పట్టింది. ఉత్తినే బొమ్మలు గీసే పిచ్చయితే ఇంట్లోవాళ్లు సర్దుకుందురు. ఇతనికి కావలసింది బొమ్మని నడిపించడం, కూర్చోబెట్టడం, అలిగించడం, ఏడిపించడం. క్యారెక్టర్ యానిమేషన్ అంటారట దాన్ని. నేర్పేవాళ్లు ఊళ్లో లేకపోలేదు, కానీ అక్కడికి వెళ్లాలంటే డ్యూటీ మానుకోవాలి. అంచేత ఫోన్లో ఎవరో తెల్లాయన, ఎవరో కొరియా పిల్ల ఉచితంగా చెప్పే పాఠాలే దిక్కయ్యాయి. ఒక పాత లాప్‌టాప్, ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు. పొద్దున్నే అతని భార్య గ్రేసీ ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టేసరికి, ఇతను వంటింటి గుమ్మం పక్కన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చతికిలబడేవాడు. గ్రేసీ మిషన్ స్కూల్లో టీచరు. ఆవిడకి బడి టైము, ఇతనికి డ్యూటీ టైము. ఆ మధ్యలో బొమ్మ చేత ఒక్క అడుగు వేయించాలంటే డజను బొమ్మలు గీయాలి.

మొదట బంతిని ఎగిరించాడు. తర్వాత బియ్యం బస్తాని గెంతించాడు. బస్తా భలే గెంతింది. మనిషి దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. మనిషి నడిచేవాడు గానీ నేల మీద నడిచేవాడు కాదు. కాళ్లు అడుగులు వేస్తుండేవి, ఒళ్లు మాత్రం గాలిలో తేలిపోతుండేది. నేర్చుకునేవాళ్లంతా చేరే ఒక గ్రూపులో ఆ నడక పెడితే, ముక్కూ మొహం తెలియనివాడెవడో ఒకే ముక్క రాశాడు, నీ మనిషికి బరువు లేదని. బరువులు తూచి పొట్ట పోసుకునేవాడికి బరువు తెలియదన్నాడే అని గ్రేసీ గరిట పట్టుకునే పడీ పడీ నవ్వింది. జాక్సన్ ఆ పూట ఇడ్లీ తినకుండా బస్సెక్కాడు.

బస్సులో విన్న పాఠంలో కొరియా పిల్ల చెప్పిందేమిటంటే, తెర మీద నడక వెతకొద్దు, వీధిలో వెతకమని. మనిషి తన ఒంటి బరువుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఎలా మారుస్తాడో చూడు, వాడెలాంటి మనిషో అక్కడే తెలుస్తుంది అంది. జాక్సన్‌కి వీధిదాకా వెళ్లే పని లేదు. కాటా కిటికీ ముందు రోజంతా నడకలే.

లారీ డ్రైవర్లని చూశాడు. వాళ్లకి చీటీ చేతిలో పడితే చాలు, నడక కాదు పరుగు. క్లీనర్లని చూశాడు. చివరికి అతని కన్ను మూర్తి బాబాయి మీద నిలిచిపోయింది.

మూర్తి బాబాయి అసలు పేరు శ్రీరామ్మూర్తి. బొబ్బిలి వైపు రైతు కుటుంబం. పొలం పని వదిలి పట్నం వచ్చి ఎన్నో ఏళ్లయింది. పెందుర్తిలో ఉంటాడు. బొగ్గు నింపిన లారీ మీదికెక్కి, దుమ్ము లేవకుండా పైన పట్టా పరిచి తాళ్లు బిగించడం ఆయన పని. పని కాగానే తాడు చుట్ట భుజాన వేసుకుని కాటా కిటికీ దగ్గరికొచ్చి లారీ నంబరు చెప్తాడు. ఆ నాలుగడుగుల నడకలో ఎంత ఉందో జాక్సన్‌కి అప్పుడు కనిపించింది. తాడు చుట్ట ఎప్పుడూ కుడి భుజం మీదే. కుడికాలు ఆనించే ముందు లిప్తపాటు ఆగి, ఏదో మర్చిపోయినవాడిలా పక్కకి చూస్తాడు. ఆ చూపులోనే అడుగు పడిపోతుంది. దారిలో ఆఫీసు గది దగ్గరకి వచ్చేసరికి నడక కాస్త జోరందుకుంటుంది, గడ్డం పైకి లేస్తుంది. ఎంత అందంగా ఉందో అనుకున్నాడు జాక్సన్. పాటకి తాళం వేసినట్టుంది అనుకున్నాడు. ఫోను కిటికీ గట్టు మీద నిలబెట్టి, ఆయనకి తెలియకుండా ఎన్నోసార్లు వీడియో తీశాడు. ఇంటికి తీసుకెళ్లి ముందుకీ వెనక్కీ తిప్పి, బొమ్మ బొమ్మగా విడదీసి చూశాడు. ఆ మనిషి అలా ఎందుకు నడుస్తున్నాడు అన్న మాట మాత్రం అతనికి తట్టలేదు. తట్టి ఉంటే అడిగేవాడేనా అని తర్వాత తనని తాను చాలాసార్లు నిలదీసుకున్నాడు. అడిగేవాడు కాదేమో. అడిగితే ఆయన సర్దుకుని నడుస్తాడు, బొమ్మ పాడవుతుంది.

నెలలు పట్టింది. చివరికొక పొద్దున్న బొమ్మ నేల మీద నడిచింది. గ్రేసీ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసి, నవ్వకుండా నిలబడిపోయింది. ఇతనెవరో నాకు తెలుసున్న మనిషిలా ఉన్నాడు అంది. అంతకంటే ఏం కావాలి జాక్సన్‌కి? ఆ రోజు కాటా దగ్గర ఈల వేస్తూ చీటీలిచ్చాడు.

మార్చి వచ్చింది. మార్చి అంటే యార్డులో సేఫ్టీ వారోత్సవాలు. జెండా ఎగరేస్తారు, అందరి చేతా ప్రతిజ్ఞ చేయిస్తారు, నినాదాల పోటీ పెడతారు, నిరుడు వేసిన నాటకమే మళ్లీ వేస్తారు. సేఫ్టీ ఆఫీసరు గురునాథరావు గారికి ఆ నాటకం చూసి చూసి మొహం మొత్తింది. కాటా కుర్రాడు కార్టూన్లు చేస్తాడని విని పిలిపించి, హెల్మెట్ పెట్టుకోవాలని చెప్పే చిన్న బొమ్మ ఏదైనా చేసిపెట్టమన్నారు. తన బొమ్మ కావాలని లోకంలో ఒక మనిషి నోరు తెరిచి అడగడం జాక్సన్ బతుకులో అదే మొదలు. పాపం, పొంగిపోయాడు. హెల్మెట్ మర్చిపోయే ఒక మతిమరుపు ముసలాయన్ని తయారు చేశాడు. ఇంత ముక్కు, గళ్ల చొక్కా, బుర్ర మీసాలు. మూర్తి బాబాయికి మీసాలే లేవు. మొహం వేరు గదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని ఆ ముసలాయనకి మూర్తి బాబాయి నడక తొడిగేశాడు.

రేకుల షెడ్డులో తెల్లగుడ్డ కట్టి వేశారు. ముసలాయన తెర మీదికొచ్చి రెండడుగులు వేశాడో లేదో, కింద కూర్చున్న కూలీలంతా ఒక్కసారి గొల్లుమన్నారు. మూర్తి బాబాయిరా, మూర్తి బాబాయి అని ఒకళ్లమీద ఒకళ్లు పడి నవ్వారు. మొహాన్ని చూసి ఎవరూ పోల్చుకోలేదు. రోజూ ఎండలో, దుమ్ములో, ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేసేవాళ్లు అంత దూరాన వచ్చే మనిషిని నడకని బట్టే కదా పోల్చుకునేది. ఆ చిన్న సంగతి జాక్సన్‌కి తోచలేదు. మూర్తి బాబాయి మాత్రం అక్కడ లేడు, ఆ షిఫ్టులో లారీల మీదున్నాడు. ఆ నవ్వు వింటూ షెడ్డు వెనక నిలబడ్డ జాక్సన్‌కి కళ్లు చెమర్చాయి. జీవితంలో అంత సంతోషం ఎరగడు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతన్ని కాల్చింది కూడా ఆ సంతోషమే. బొమ్మకి మొదటి బహుమతి ఇచ్చారు, హాట్‌బాక్సు.

నవ్వనివాళ్లు ఒక్కరే, గురునాథరావు గారు. ఆయన మర్నాడు యార్డులో నిలబడి మూర్తి బాబాయి అటునించి ఇటు నడుస్తుంటే చూశారు. ఆ వారంలోనే మెడికల్‌కి పంపారు. ఎక్స్‌రేలో కుడి తుంటి కీలు అరిగిపోయి ఉంది. ఎప్పుడో లోడు మీంచి జారిపడితే ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడని తేలింది. ఎత్తు మీద పనికి పనికిరాడని డాక్టరు రాశాడు. కాంట్రాక్టరు గేట్ పాస్ వెనక్కి తీసుకున్నాడు. కింద చేసే పనులేమీ ఖాళీ లేవన్నాడు.

గురునాథరావు గారు చెడ్డ మనిషి కాదు. కాటా గదికి స్వయంగా వచ్చి జాక్సన్ భుజం తట్టారు.

"నీ బొమ్మ చూశాకే నాకు అనుమానమొచ్చిందయ్యా. రోజూ నా కళ్ల ముందే తిరుగుతున్నాడు, నేను చూడలేదు. ఏదో ఒకరోజు ఆ లారీ మీంచి పడి పోయేవాడు. ఒక ప్రాణం కాపాడావు."

అప్పుడు అర్థమైంది అతనికి, తాను ఇన్నాళ్లూ చూసి మురిసిపోయింది ఏమిటో. తాడు చుట్ట కుడి భుజాన వేసుకునేది ఒళ్లు ఒరగడం కనబడకుండా. పక్కకి చూసేది నొప్పి మొహంలో కనబడకుండా. ఆఫీసు ముందు జోరుగా నడిచేది ఆఫీసువాళ్లు చూస్తారని. ఒక మనిషి ప్రాణాలు బిగబట్టి దాచుకున్నదాన్ని తాను నెలల తరబడి శ్రద్ధగా విప్పి, గుడ్డ మీద పరిచి, అందరికీ చూపించాడు. గురునాథరావు గారు చెప్పింది నిజమే కావచ్చు, ప్రాణం నిలిచే ఉండొచ్చు. అయినా మంచి చేశానని మనసు ఒప్పుకోలేదు. మంచి చేద్దామని అతను చేస్తే కదా.

పాస్, హెల్మెట్ అప్పజెప్పడానికి వచ్చిన రోజున మూర్తి బాబాయి కిటికీ దగ్గర ఆగాడు. భుజాన తాడు లేదు. లేకపోయేసరికి ఎంత ఒరిగి నడుస్తాడో జాక్సన్ అప్పుడు చూశాడు.

"ఎవులో నా కాలు సంగతి సెప్పేసినారు బాబూ. నువ్వు కిటికీ కాడ ఉంటావు కదా, అందర్నీ సూత్తావు. నీకేటైనా తెలిసిందేటి?"

"తెలీదు బాబాయ్," అన్నాడు జాక్సన్.

నోరు అంత తేలిగ్గా ఎలా తిరిగిందో అతనికే తెలియదు. ఆయన సరేలెమ్మని తలూపి, నన్ను సినిమాలో ఎట్టినావంట కదా, మావోళ్లు సెప్పినారు అని నవ్వి వెళ్లిపోయాడు. బొమ్మకీ మెడికల్‌కీ ఆయన ముడిపెట్టుకోలేదు. తనని బొమ్మలో పెట్టడం ఆయనకి గొప్పగానే ఉంది. గేటు దాటేదాకా జాక్సన్ ఆ నడకని చూడకుండా ఉండాలని కీబోర్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత లాప్‌టాప్ తెరవలేదు. గ్రేసీ కొత్త హాట్‌బాక్సులో అన్నం పెట్టిస్తే తీసుకెళ్లినట్టే తిరిగి తెచ్చేవాడు. ఒంట్లో బాగోలేదేమోనని ఆవిడ అడిగింది, బాగానే ఉన్నానన్నాడు. ఏప్రిల్ మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షారసమూ పుచ్చుకునే రోజు. రొట్టె పళ్లెం వరసలోంచి వచ్చి గ్రేసీ దాకా వచ్చింది. ఆవిడ తీసుకుని ఇతనికి అందించింది. ఇతను ముట్టుకోకుండా పక్కవాళ్లకి అందించేశాడు. ద్రాక్షారసం గిన్నెల్నీ అలాగే పంపేశాడు. బల్ల విడిచిపెట్టాడంటే మనసులో ఏదో బండ ఉందని ఆ గుళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. వెనక వరసలో పెద్దమ్మలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గ్రేసీ ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే తలుపు మూసి, చెప్పు అంది.

చెప్పాడు. కిటికీ గట్టు మీద ఫోను పెట్టినకాణ్నుంచి, తెలీదు బాబాయ్ అన్నదాకా. అంతా విని ఆవిడ, బొమ్మ తెలియక చేశావు, ఆ అబద్ధం మాత్రం తెలిసే ఆడావు, ముందు అది వెళ్లి చెప్పుకో అంది. అన్నం తిని వెళ్తానన్నాడు. తినకుండానే వెళ్లమంది.

పెందుర్తిలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రెండు గదులు, ముందు పొడుగాటి సిమెంటు అరుగు. మూర్తి బాబాయి అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. జాక్సన్‌ని చూడగానే లేవబోయి, లేవలేక, నవ్వేశాడు. భార్య నారాయణమ్మ లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"మాయన్ని బొమ్మలో ఎట్టినది నువ్వేనా బాబూ? ఈదిలో అందరికీ సెప్పుకుంటన్నాడు," అంటూ టీ పెట్టడానికి వెళ్లింది.

టీ వచ్చేదాకా కూడా ఆగలేకపోయాడు జాక్సన్. కుర్చీ వదిలి అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాడు.

"నీ కాలు సంగతి ఎవులో సెప్పలేదు బాబాయ్. నానే. నోటితో సెప్పలేదు, ఇదిగో, దీంతో సెప్పినాను. ఆ రోజు తెలీదన్నది కూడా అబద్ధమే."

ఫోను తీసి బొమ్మ పెట్టాడు. ఆయన రెండు చేతులతో ఫోను పట్టుకుని చూశాడు. మీసాల ముసలాయన అడుగు వేయబోతూ ఆగాడు, పక్కకి చూశాడు, అడుగు వేశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ చూశాడు. నారాయణమ్మ టీ గ్లాసులతో వచ్చి ఆయన భుజం మీంచి వంగి చూసి, నవ్వబోయి మానేసింది. తిడతాడని జాక్సన్ ఎదురు చూస్తున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నాను బానే నడుస్తన్నాననుకున్నాను," అన్నాడు మూర్తి బాబాయి. "ఎవులికీ తెలీదనుకున్నాను."

జాక్సన్ ఆయన చేతులు పట్టుకుని క్షమించమని ఏదేదో అన్నాడు. ఆయన వింటున్నట్టు లేదు, ఏదో ఆలోచిస్తున్నాడు. ఉన్నట్టుండి మొహం తేటపడింది. కాంట్రాక్టరు దగ్గరికి మొన్న వెళ్లాడట. ఇంకోసారి మెడికల్‌కి వెళ్లి డాక్టరు సరేనంటే పాస్ తిరిగి ఇస్తానన్నాడట. ఈసారి ఎక్స్‌రే తియ్యరని, డాక్టరు గదిలో అటూ ఇటూ నడిపించి చూస్తారంతేనని ఆయన తనకి తానే నచ్చజెప్పుకున్నాడు.

"నువ్వు నన్ను సూసి నేర్సుకున్నావు కదా బాబూ. ఇప్పుడు నీ బొమ్మని సరిగ్గా నడిపించు. దాన్ని సూసి నాను నేర్సుకుంటాను."

సరిగ్గా నడిచే మనిషి జాక్సన్ ఫోన్లోనే ఉన్నాడు, తొలిరోజుల్లో చేసినవాడు, బరువు లేదనిపించుకున్నవాడు. మొహం లేదు, పేరు లేదు, రెండు కాళ్లూ సమంగా వేసుకుంటూ తెర మీద అలా నడుస్తూనే ఉంటాడు. మరేం చెయ్యాలో తెలియక వాణ్నే చూపించాడు. మూర్తి బాబాయి బడిపిల్లాడిలా కళ్లార్పకుండా చూశాడు. వేలితో మోకాలి మీద తాళం వేసుకున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. వద్దని నారాయణమ్మ అంటున్నా వినకుండా అరుగు ఆ చివరికి వెళ్లి, పంచె సర్దుకుని, గడ్డం ఎత్తి నడిచాడు.

పక్కకి చూడలేదు. మధ్యలో ఆగలేదు. కుడికాలు ఆనినప్పుడల్లా పెదవి బిగిసింది, ఎడమ భుజం ఎగిరింది, పిడికిలి ముడుచుకుంది. జాక్సన్ కన్ను వాటిని ఒక్కొక్కటిగా ఏరుకుంటూనే ఉంది. పిడికిలి ఎప్పుడు ముడుచుకుంది, కాలు ఆనకముందా, ఆనాకా? అలా లెక్క కడుతున్న తన కన్నుని చూసి అతనికి తనమీద తనకే రోత పుట్టింది.

మూర్తి బాబాయి ఈ చివరికి వచ్చి నిలబడ్డాడు. నుదుటి మీద చెమట. మొహంలో ఆశ.

"ఇప్పుడు సూడు బాబూ. తెలుస్తందేటి?"

తెలీదు అని ఒక్క మాట అంటే చాలు. ఆయన నవ్వుతాడు, నారాయణమ్మ ఊపిరి పీల్చుకుంటుంది, తాను ఇంటికి పోయి అన్నం తినొచ్చు. ఆయన డాక్టరు దగ్గరికి వెళ్తాడు, అదృష్టముంటే మళ్లీ ఆ బొగ్గు లోడు మీదికి ఎక్కుతాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఒకసారి ఆడి ఉన్నాడు గనక దారి దానికి బాగా తెలుసు.

"తెలుస్తంది బాబాయ్," అన్నాడు జాక్సన్.

మూర్తి బాబాయి మొహం వాడిపోయింది. ఎక్కడ తెలుస్తందని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. జాక్సన్ లేచి దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, పంచె మీంచి ఆయన కుడి తుంటి మీద చెయ్యి ఆనించాడు. ఇన్ని నెలలు గీసి, చెరిపి, మళ్లీ గీసిన చోటు. చెయ్యి తగలగానే ఆ ఒంట్లో బిగువంతా సడలి, బరువు మొత్తం జాక్సన్ భుజం మీద పడింది.

"అక్కడే బాబూ," అన్నాడు మూర్తి బాబాయి. "అక్కడే నొప్పి. సెప్పలేనంత నొప్పి."

నారాయణమ్మ చేతిలో గ్లాసులు కింద పెట్టేసి ఆయన రెండో పక్క వచ్చి పట్టుకుంది. ఆ మాట ఆయన నోట ఆవిడ వినడం కూడా అదే మొదటిసారి.